జింకు అయస్కాంతం కాదు కదా, మరి కలిపితే బలం ఎందుకు పెరిగింది?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను, తప్పుంటే సరిదిద్దండి. సిట్రేట్ సోల్-జెల్ (ద్రావణాన్ని జెల్‌గా మార్చి పొడి చేసే) పద్ధతిలో నికెల్-జింక్ ఫెర్రైట్ పొడులు, అంటే ఇనుముతో ఈ లోహాలు కలిసిన ఆక్సైడ్లు, చేసి 600 డిగ్రీల దగ్గర కాల్చారు. జింకుకు సొంత అయస్కాంతత్వం లేదు. అయినా నికెల్ తగ్గించి జింకు పెంచుతుంటే జింకు పాలు 0.4 అయ్యేదాకా మాగ్నెటైజేషన్ (అయస్కాంత బలం) పెరిగింది, తర్వాత పడిపోయింది. ఇది ఒకటి. నికెల్ అస్సలు లేని చివరి శాంపిల్, అంటే జింక్ ఫెర్రైట్, పుస్తకం ప్రకారం గది ఉష్ణోగ్రతలో అయస్కాంతానికి అంటుకోకూడదు. మీది అంటుకుంటోంది. ఇది రెండు. జింకు లేని మొదటి శాంపిల్, నికెల్ ఫెర్రైట్, గ్రాముకు 50 ఈఎంయూ (అయస్కాంత బలానికి ఒక కొలమానం) ఇవ్వాల్సింది 34 దగ్గర ఆగిపోయింది. స్ఫటికాన్ని ఎక్స్-కిరణాలతో చూసే ఎక్స్‌ఆర్‌డీ పరీక్ష మాత్రం "సింగిల్ ఫేజ్", అంటే వేరే పదార్థం కలవలేదు, అంటోంది. వచ్చే నెల ప్రెజెంటేషన్, టెన్షన్‌గా ఉంది, అయస్కాంత బలం కొలిచే వీఎస్‌ఎం మెషీన్ పాడైందేమోనని మీ అనుమానం.

మెషీన్‌ని అనుమానించడం మా అందరికీ ఉన్న అలవాటే. కానీ మొదటి రెండు ఫలితాలూ పూర్తిగా మామూలువి, అవి రాకపోతేనే కంగారు పడాలి. మూడోది మాత్రం నిజంగా వెతకాల్సిన విషయం. దాని జవాబులో కొంత భాగం, మీరు చూసేశామని పక్కన పెట్టిన ఎక్స్‌ఆర్‌డీ కాగితంలోనే దాక్కుని ఉందని నా అనుమానం. ఈ పదార్థాల్లో ఏ లోహం ఎంత కలిపారన్నది సగం కథే. ఏది ఏ గదిలోకి వెళ్లి కూర్చుందన్నదే అయస్కాంతత్వాన్ని తేలుస్తుంది.

మొజంజాహీ మార్కెట్ దగ్గర పండ్ల బండి మీద బత్తాయిలు గోపురంలా పేర్చి ఉంటాయి, చూసే ఉంటారు. ఈ ఫెర్రైట్ల స్ఫటిక నిర్మాణాన్ని స్పినెల్ అంటారు, అందులో ఆక్సిజన్లు దాదాపు అలాగే పేర్చుకుని ఉంటాయి. పండ్ల మధ్య సందులు రెండు రకాలు. నాలుగు పండ్ల నడుమ ఉండే చిన్న సందు, ఆరు పండ్ల నడుమ ఉండే కాస్త పెద్ద సందు. చిన్నదాన్ని మనం "ఏ (A) సైట్" అంటాం, పెద్దదాన్ని "బీ (B) సైట్" అంటాం. చతుర్ముఖి, అష్టముఖి అని పాఠ్యపుస్తకాల్లో రాసేది వీటినే. ఒక యూనిట్ సెల్‌లో, అంటే స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే ఒక పెట్టెలో, 32 ఆక్సిజన్లు, 64 చిన్న సందులు, 32 పెద్ద సందులు ఉంటాయి. లోహాలకు దక్కేది చిన్నవాటిలో 8, పెద్దవాటిలో 16 మాత్రమే. 96 గదుల్లో 72 ఖాళీ. ఈ ఖాళీల వల్లే లోహాలకు అటూ ఇటూ మారే వెసులుబాటు, మనకు తలనొప్పి.

ఎవరు ఎక్కడ కూర్చుంటారు? నికెల్‌కు ఆరు ఆక్సిజన్ల మధ్య ఉండటమే ఇష్టం, బీ సైట్ దొరికితే కదలదు. జింకు సైజులో చిన్నదేం కాదు, అయినా నలుగురి మధ్యే ఉంటానంటుంది. మామూలు జింక్ ఆక్సైడ్‌లో కూడా దాని చుట్టూ ఉండేది నాలుగు ఆక్సిజన్లే. దాని నిండిన ఎలక్ట్రాన్ పొర నాలుగు బంధాలకే సరిపడుతుంది. మూడు ప్లస్‌ల ఇనుముకు పట్టింపు లేదు. పెళ్లింట్లో ఎక్కడ విస్తరేస్తే అక్కడ కూర్చునే చుట్టం లాంటిది. అందుకే మిగతావాళ్లు వదిలేసిన చోటికి ఇనుమే వెళ్తుంది. నికెల్ ఫెర్రైట్‌లో నికెల్ బీ సైట్ పట్టుకుంటే, ఇనుములో సగం ఏ సైట్‌కు, సగం బీ సైట్‌కు సర్దుకుంటుంది. దీన్ని తిరగబడిన స్పినెల్, ఇన్వర్స్ స్పినెల్ అంటారు. జింక్ ఫెర్రైట్‌లో జింకు ఏ సైట్ మొత్తం ఆక్రమిస్తుంది, ఇనుమంతా బీ సైట్‌లో ఉంటుంది. అది నార్మల్ స్పినెల్.

ఇప్పుడు తాడు లాగుడు ఆట గుర్తు తెచ్చుకోండి. ఏ సైట్ వాళ్లంతా ఒక పక్క, బీ సైట్ వాళ్లంతా ఎదురు పక్క. మనం బయట కొలిచేది రెండు జట్ల బలాల తేడా. ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ నెయెల్ 1948లో ఫెర్రిమాగ్నెటిజం అని చెప్పింది ఇదే. 1970లో ఆయనకు నోబెల్ వచ్చిన కారణాల్లో ఇదొకటి. మన పెద్దవాళ్లు సూదంటురాయి అన్న మాగ్నెటైట్ కూడా ఈ కుటుంబంలోదే. వేల ఏళ్లుగా మనిషి చేతిలో ఉన్న రాయి ఎందుకు అంటుకుంటుందో 1948 దాకా సరిగ్గా తెలియలేదంటే నాకు ఇప్పటికీ వింతే. స్పినెల్ నిర్మాణం 1915లోనే తెలుసు, తిరగబడిన స్పినెల్ సంగతి 1932లోనే తెలుసు. గదుల లెక్కను అయస్కాంతత్వంతో కలిపి చూడటానికి మాత్రం ఇంకో 16 ఏళ్లు పట్టింది.

లెక్క చేద్దాం. ఇనుము బలం 5 బోర్ మాగ్నెటాన్లు (ఒక్కో అయాన్ అయస్కాంత బలానికి కొలమానం), నికెల్ 2, జింకు సున్నా. నికెల్ ఫెర్రైట్‌లో ఏ జట్టు బలం 5. బీ జట్టులో ఇనుము 5, నికెల్ 2, మొత్తం 7. తేడా 2. కొలిస్తే వచ్చేది 2.3. ఆ పైన 0.3 నికెల్ కక్ష్యా చలనం నుంచి వచ్చేది, దాన్ని ఇప్పటికి వదిలేయండి.

ఇప్పుడు జింకు 0.4 కలిపారు. అది నేరుగా ఏ జట్టులో చేరింది, కానీ తాడు లాగదు. అంతకంటే ముఖ్యం, అది వచ్చి కూర్చోవడంతో ఏ జట్టులోని 0.4 ఇనుము లేచి, నికెల్ ఖాళీ చేసిన బీ సైట్‌కు వెళ్లిపోయింది. ఏ జట్టులో మిగిలింది 0.6 ఇనుము, బలం 3. బీ జట్టులో 0.6 నికెల్, 1.4 ఇనుము, అంటే 1.2కి 7 కలిపితే 8.2. తేడా 5.2. ఏమీ లాగలేని మనిషిని బలహీనమైన జట్టులోకి చొప్పించి, అక్కడి వస్తాదుని ఎదుటి జట్టుకు పంపారన్నమాట. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇంతే. జింకు పాలు ఎంతైనా 2కు ఆ పాలుకి ఎనిమిది రెట్లు కలిపితే లెక్క వచ్చేస్తుంది.

మరి జింకు నిండుగా పోస్తే ఈ లెక్కలో 10 రావాలి, వచ్చేది సున్నా. తాడాట పోలిక ఇక్కడ తెగిపోతుంది. ఆటలో ఒక జట్టు వాళ్లకు ఐకమత్యం ఉంటుంది. బీ జట్టు వాళ్లకు నిజానికి ఒకరంటే ఒకరికి పడదు. పక్క వాడికి ఎదురు తిరగాలనే ఉంటుంది. ఎదురుగా ఏ జట్టు గట్టిగా లాగుతున్నంత సేపే వాళ్లు ఒక వైపు నిలబడతారు. కారణం ఆక్సిజన్ మీదుగా ఏర్పడే కోణాలు. ఏ-ఆక్సిజన్-బీ కోణం సుమారు 125 డిగ్రీలు, అందుకే ఆ పట్టు గట్టిది. బీ-ఆక్సిజన్-బీ కోణం 90 దగ్గర, పట్టు నీరసం. ఏ జట్టులో లాగేవాళ్లు తగ్గేకొద్దీ బీ వాళ్లు ఒకరి నుంచి ఒకరు పక్కకు వంగుతారు. యాఫెట్, కిట్టెల్ అనే శాస్త్రవేత్తలు 1952లో రాసిన వంపు ఇదే. 0.4, 0.5 మధ్య మీ గ్రాఫ్ కిందికి తిరగడానికి కారణం అది. పైగా జింకు పెరిగేకొద్దీ క్యూరీ ఉష్ణోగ్రత, అంటే దాటితే అయస్కాంతత్వం పోయే వేడి, దిగుతుంది. నికెల్ ఫెర్రైట్‌కు 585 డిగ్రీలు ఉన్నది, జింకు బాగా ఎక్కువైన శాంపిళ్లలో గది ఉష్ణోగ్రత దగ్గరికే వచ్చేస్తుంది. గదిలోనే కొలిచారు కాబట్టి మీ గ్రాఫ్‌లో వంపు, వేడి రెండూ కలిసిపోయాయి. వైవాలో ఎవరైనా దీన్ని పట్టుకుని అడుగుతారు. తక్కువ ఉష్ణోగ్రతలో కొలిచే అవకాశం దొరికితే రెండూ విడివిడిగా కనిపిస్తాయి.

రెండో ప్రశ్న తేలిక. పెద్ద రేణువుల జింక్ ఫెర్రైట్‌లో ఏ జట్టులో లాగేవాడు ఒక్కడూ లేడు కాబట్టి, అది గదిలో పారామాగ్నెట్, అంటే అయస్కాంతానికి అంటుకోనంత బలహీనం. సుమారు 10 కెల్విన్ల కిందికి వెళ్తే ఇనుములు ఒకదానికొకటి ఎదురు తిరిగి సద్దుమణుగుతాయి. కానీ మీరు జెల్ మంట పెట్టి క్షణాల్లో పొడి చేశారు. జింకులు తమ గది వెతుక్కునే తీరిక లేక కొన్ని బీ సైట్‌లో ఇరుక్కున్నాయి, ఆ మేరకు ఇనుము ఏ సైట్‌కు వచ్చింది. ఏ-బీ లాగుడు మొదలైంది, మీ అయస్కాంతానికి పొడి అంటుకుంది. చిన్న పరీక్ష చెప్తాను, ఖర్చు లేదు. అదే పొడిని 1000 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, నిదానంగా చల్లార్చి మళ్లీ అయస్కాంతం చూపించండి. అంటుకోవడం బాగా తగ్గిపోతే జింకులు ఇంటికి చేరాయని అర్థం. తగ్గకపోతే వేరే కథ ఉంది.

ఆ వేరే కథ నాకు బాగా తెలుసు. 90ల్లో, నేను పని నేర్చుకుంటున్న ఒక ల్యాబ్‌లో, సింటర్ చేసిన (కాల్చి గట్టిపరిచిన) జింక్ ఫెర్రైట్ పెల్లెట్‌ని వీఎస్‌ఎం కోసం స్టీల్ బాల్ మిల్లులో నూరాను. మాగ్నెటైజేషన్ దండిగా వచ్చింది. కొత్త విషయం కనిపెట్టానని మూడు రోజులు గాల్లో తేలాను, సీనియర్లకు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు కూడా ఇప్పించాను. నాలుగో రోజు ఒకాయన ఆ పెల్లెట్ ముక్కనే అగేట్ రాతి కల్వంలో నూరి కొలిచాడు. ఏమీ లేదు. నాకు వచ్చిందంతా మిల్లు గోడల నుంచి రాలిన ఇనుము. ఇనుము గ్రాముకు సుమారు 218 ఈఎంయూ. నూటికి ఒక వంతు రాలినా 2 పైన చూపిస్తుంది. మీరు స్టీల్ గరిట వాడుతుంటే ఇవాళే మానేయండి, ప్లాస్టిక్‌ది పెట్టుకోండి.

ఇక మూడోది, 50 రావాల్సిన చోట 34. అసలు పని ఇక్కడే ఉంది.

ముందు సైజు. ఎక్స్‌ఆర్‌డీ నుంచి రేణువు సైజు కట్టే షెర్రర్ సూత్రంతో మీకు 20 నానోమీటర్లు వచ్చిందన్నారు. రేణువు ఉపరితలం మీద ఉన్న లోహాలకు ఒక పక్క ఆక్సిజన్లు ఉండవు, పొరుగువాళ్లు ఉండరు. అవి లోపలివాళ్లతో కలిసి నిలబడవు, ఎటో చూస్తుంటాయి. ఆ పై పొర మందం 1 నానోమీటర్ అనుకుందాం. 20లో రెండు పక్కలా ఒక్కొక్కటి పోతే లోపల మిగిలింది 18. పద్దెనిమిదిని ఇరవైతో భాగించి ఘనం చేస్తే 0.73. అంటే 27 శాతం బలం పై పొరలోనే పోయింది. 50 కాస్తా 36.5 అవుతుంది. అదే రేణువు 10 నానోమీటర్లయితే దాదాపు సగం పోతుంది. మీ తగ్గుదలలో పెద్ద వాటా దీనిదే. అయితే ఆ 1 నానోమీటర్ నేను అనుకున్న సంఖ్య, మీ పొడిలో కొలిచింది కాదు. లెక్క చక్కగా కుదిరింది కదా అని థీసిస్‌లోకి ఎక్కించకండి. పొడిని వేర్వేరు ఉష్ణోగ్రతల్లో కాల్చి, సైజు పెరిగేకొద్దీ మాగ్నెటైజేషన్ 50 వైపు పోతోందో లేదో చూపిస్తే అప్పుడది మీ ఫలితం.

మిగిలిన కొంచెం కోసం ఎక్స్‌ఆర్‌డీ తెరవండి. రాగి ట్యూబ్ వాడి ఉంటారు. రాగి ఎక్స్-కిరణాలు ఇనుమును వెలిగిస్తాయి. ఇనుము తన సొంత కిరణాలు విసరడంతో బ్యాక్‌గ్రౌండ్ పైకి లేచి, గ్రాఫ్‌లో ఒక్కో పదార్థాన్ని పట్టిచ్చే శిఖరాల్లో, అంటే పీకుల్లో, చిన్నవి ఆ గరుకులో మునిగిపోతాయి. పది నిమిషాల స్కాన్ చూసి సింగిల్ ఫేజ్ అనేశారంటే నేను నమ్మను. మీ గైడ్ మీద గౌరవంతోనే అంటున్నాను.

హెమటైట్, అంటే కలవకుండా మిగిలిపోయిన ఐరన్ ఆక్సైడ్, పట్టుకోవడం తేలిక. దాని అతి పెద్ద పీకు 33.2 డిగ్రీల కోణం దగ్గర (ఇక్కడ డిగ్రీలంటే వేడి కాదు), అక్కడ ఫెర్రైట్‌కు ఏమీ లేదు. ఇంకోటి 24 దగ్గర. కానీ దాని రెండో పెద్ద పీకు 35.6 దగ్గర, అంటే ఫెర్రైట్ 311 పీకు మీదే పడుతుంది (ఇలాంటి మూడంకెలు స్ఫటికంలోని తలాల పేర్లు). 33 దగ్గర బుడిపె లాంటిది కనిపించి "నాయిస్ లే" అనుకుంటే మోసపోతారు.

నికెల్ ఆక్సైడ్ అసలు దొంగ. దాని సెల్ అంచు 4.177 ఆంగ్‌స్ట్రామ్‌లు. రెట్టింపు చేస్తే 8.35. నికెల్ ఫెర్రైట్ అంచు 8.34. ఆక్సిజన్ల పేర్పు రెండింటిలోనూ ఒకటే కాబట్టి ఈ పోలిక కాకతాళీయం కాదు. ఫలితం ఏమిటంటే నికెల్ ఆక్సైడ్ పీకులు మూడూ, 37.3, 43.3, 62.9 దగ్గరవి, ఫెర్రైట్ 222, 400, 440 పీకుల నీడలోనే కూర్చుంటాయి. ఒక్క కొత్త పీకు కూడా రాదు. సాఫ్ట్‌వేర్ ఆనందంగా సింగిల్ ఫేజ్ అంటుంది. దొరికేది ఎత్తుల్లోనే. 220, 311, 422, 511 పీకుల మీద నికెల్ ఆక్సైడ్ నీడ పడదు. వాటితో పోలిస్తే 400 పీకు ఉండాల్సిన దానికంటే పొడుగ్గా ఉంటే, దాని వెనక ఎవరో నిలబడ్డారని అర్థం. నికెల్ ఆక్సైడ్‌కు 43.3 దగ్గరిదే అన్నిటికంటే పెద్ద పీకు మరి. రీట్‌వెల్డ్ ఫిట్ (మొత్తం ఎక్స్‌ఆర్‌డీ గ్రాఫ్‌ని లెక్కతో సరిపోల్చడం) చేసేటప్పుడు రెండో ఫేజ్‌గా దాన్ని ఇచ్చి చూడండి. ఇవ్వకపోతే సాఫ్ట్‌వేర్ ఆ అదనపు ఎత్తును లోహాల గదులు మార్చి సరిచేసుకుంటుంది. మీరేమో అయాన్ల పంపిణీ కనిపెట్టాను అనుకుంటారు. అచ్చయిన పేపర్లలోనే ఈ పొరపాటు ఉందని నా గట్టి నమ్మకం.

నికెల్ ఆక్సైడ్ ఎందుకు మిగిలింది? ఇనుము తక్కువై ఉండాలి. ఎందుకు తక్కువైంది? నెల చూడండి. మీరు శాంపిళ్లు చేసింది ఆగస్టులో అని రాశారు. ఫెర్రిక్ నైట్రేట్ సీసా మూత తీసి వానాకాలం గాలికి పెడితే అది చెమ్మ పీల్చి బెల్లంలా జిడ్డు కడుతుంది. సీసా మీద తొమ్మిది నీటి అణువులు, అణుభారం 404 అని ఉంటుంది, మీరు ఆ లెక్కనే తూచారు. నిజానికి తూచిన దాంట్లో కొంత నీళ్లే. నికెల్ నైట్రేట్ కూడా చెమ్మ పీలుస్తుంది, కానీ ఎవరు ఎంత పీల్చారో సీసా చెప్పదు. తీవ్రత తెలియాలంటే ఇనుము 10 శాతం తగ్గిందనుకోండి. అప్పుడు మిగిలే నికెల్ ఆక్సైడ్ బరువులో మూడున్నర శాతం. మాగ్నెటైజేషన్ తగ్గేది కూడా అంతే. 36.5 నుంచి 35 దాకా. మీ 34కు ఇంకో మెట్టు దిగాలి. అది 600 డిగ్రీల దగ్గర పూర్తిగా పోని కార్బన్ కావచ్చు, పొడి పీల్చిన చెమ్మ కావచ్చు, తూకంలో తేడా కావచ్చు. అందుకే నేరమంతా నికెల్ ఆక్సైడ్ మీద తోయొద్దు. మీ పొడిలో అది అసలు లేకపోవచ్చు కూడా. చూడకుండా లేదనొద్దు అంటున్నాను, అంతే.

ఈ నైట్రేట్ గొడవకు విరుగుడు పాతదే. సీసా తెరిచిన రోజు ఒక గ్రాము తూచి క్రూసిబుల్‌లో వేసి ఎర్రగా కాల్చండి. మిగిలిన ఐరన్ ఆక్సైడ్ తూచి, దాన్నిబట్టి ఇనుము శాతం మీరే కట్టండి. ఆ తొమ్మిది నీళ్లకు మించి చెమ్మ పీల్చని ఫెర్రిక్ నైట్రేట్ అయితే గ్రాముకు 0.198 గ్రాముల ఆక్సైడ్ మిగలాలి. నికెల్‌దీ అలాగే. మా కాలంలో ఇది చేయకుండా తూకం వేస్తే తిట్లు పడేవి. ఇప్పుడు 99.9 శాతం ప్యూర్ అని లేబుల్ చూసి తృప్తి పడుతున్నారు. ఆ 99.9లో నీళ్ల లెక్క ఉండదు.

వీఎస్‌ఎం గురించి కూడా ఒక మాట. మీ గ్రాఫ్ చివర ఇంకా పైకి పోతూనే ఉంది, నిలవలేదు. నానో పొడులు 15 కిలో అయర్‌స్టెడ్ ఫీల్డ్ దగ్గర నిండవు, అంటే పూర్తి బలానికి (సాచురేషన్‌కు) చేరవు. ఆ చివరి పాయింట్‌ని సాచురేషన్ అని రాయకుండా, ఫీల్డ్ విలోమాన్ని ఎక్స్ అక్షం మీద పెట్టి గీత సున్నా దాకా పొడిగించండి. 34 కాస్తా ఒకటి రెండు పెరగొచ్చు. మీరు పెట్టిన పొడి 12 మిల్లీగ్రాములట. తూకం ఒక్క మిల్లీగ్రాము తప్పినా 8 శాతం తేడా. ల్యాబ్‌లో నికెల్ లోహం స్టాండర్డ్ ఉంటుంది, గ్రాముకు సుమారు 55 రావాలి. మీ శాంపిల్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి దాన్ని కొలవమని ఆపరేటర్‌ని అడగండి. ఆయన విసుక్కుంటాడు, అయినా అడగండి.

జింకు పెంచిన శాంపిళ్లకు ఇంకో తనిఖీ. సెల్ అంచు 8.34 నుంచి 8.44 దాకా దాదాపు తిన్నని గీత మీద పెరగాలి. జింకు 0.4 దగ్గర 8.38 రావాలి. అక్కడ 8.36 వచ్చిందంటే జింకు లోపలికి పూర్తిగా వెళ్లలేదు. 31.8, 34.4, 36.3 డిగ్రీల దగ్గర జింక్ ఆక్సైడ్ కోసం వెతకండి. తర్వాత పెల్లెట్లు చేసి 1200 దాటిస్తే జింకు ఆవిరైపోతుంది, కొంత ఇనుము రెండు ప్లస్‌లకు మారుతుంది. అప్పుడు మళ్లీ రండి, అది ఇంకో పెద్ద ఉత్తరం.

చల్లార్చే వేగం కూడా గదులు మారుస్తుందని నాకు నేర్పింది ఆర్టీసీ బస్సు. కాపర్ ఫెర్రైట్ రెండు బ్యాచ్‌లు, అదే తూకం, అదే ఫర్నేస్. ఒకటి నిదానంగా చల్లారింది. రెండోది చేసిన రాత్రి తార్నాక వైపు ఆఖరి బస్సు పోతుందని కంగారుపడి, 800 డిగ్రీల దగ్గరే పటకారుతో క్రూసిబుల్ బయటకు తీసి ఇటుక మీద పెట్టి పరుగెత్తాను. మొదటిది టెట్రగోనల్ వచ్చింది, ఎక్స్‌ఆర్‌డీ పీకులు రెండేసిగా చీలి ఉన్నాయి. బీ సైట్‌లో ఉన్న రాగి తన చుట్టూ ఉన్న ఆరు ఆక్సిజన్లను ఒక దిక్కుకు సాగదీస్తుంది, దాంతో ఘనం కాస్తా ఒక వైపు పొడుగవుతుంది. రెండోది మాత్రం క్యూబిక్, పీకులు ఒంటరివి. మాగ్నెటైజేషన్ కూడా రెండోదానికే ఎక్కువ. వేడిలో కొంత రాగి ఏ సైట్‌కు వెళ్లి ఉంటుంది. ఒక్కసారిగా చల్లార్చడంతో అక్కడే గడ్డకట్టింది. దీనికీ ఇందాకటి లాంటి లెక్కే: 1కి, ఏ సైట్‌లో ఉన్న రాగి పాలుకి ఎనిమిది రెట్లు కలపండి. వంద రాగుల్లో ఐదు గది మారితే చాలు, 1 కాస్తా 1.4. బస్సు ఎలాగూ దొరకలేదు, నడిచే వెళ్లాను. మీ నోట్‌బుక్‌లో మాత్రం ప్రతి శాంపిల్ పక్కన చల్లార్చిన వేగం రాయండి. నికెల్‌కు పెద్దగా పట్టింపు లేదు కానీ జింకుకు ఉంది.

మాంగనీస్ ఫెర్రైట్ కూడా చేస్తే ఎలా ఉంటుందని అడిగారు. చేయండి, కానీ గదుల పాఠం నేర్చుకోవడానికి మాత్రం కాదు. మాంగనీస్ బలం 5, ఇనుము బలం 5. ఎవరు ఎక్కడ కూర్చున్నా తేడా 5 అనే వస్తుంది. కొలిస్తే 4.6. కోబాల్ట్ చేస్తే, ఫీల్డ్ పెంచి తగ్గించినప్పుడు వచ్చే లూప్ వెడల్పుగా వస్తుంది, చూడటానికి బాగుంటుంది. ఇంకా గట్టి అయస్కాంతం కావాలంటే కోఠీ గుజరాతీ గల్లీలో పాత స్పీకర్ రింగు కొనుక్కుని నూరండి. అది సాధారణంగా స్ట్రాన్షియం హెక్సాఫెర్రైట్, స్పినెల్ కాదు, షట్కోణ స్ఫటికం. అందులోనూ ఇదే తాడాట. 12 ఇనుముల్లో 8 ఒక వైపు, 4 ఎదురు వైపు, తేడా 20.

నిజంగా ఎవరు ఏ గదిలో ఉన్నారో తేల్చాలంటే మామూలు ఎక్స్‌ఆర్‌డీ చాలదు. ఎక్స్-కిరణాలకు 26 ఎలక్ట్రాన్ల ఇనుము, 28 ఎలక్ట్రాన్ల నికెల్ దాదాపు కవలలు. మోస్‌బావర్ అనే గామా కిరణాల పరీక్షతో ఇనుము ఏ గదిలో ఎంత ఉందో తెలుస్తుంది. న్యూట్రాన్లకు జింకు, ఇనుము బాగా వేరుగా కనిపిస్తాయి. న్యూట్రాన్ల కోసం ట్రాంబే ధ్రువ రియాక్టర్, సింక్రోట్రాన్ (చాలా బలమైన ఎక్స్-కిరణాలిచ్చే యంత్రం) కోసం ఇండోర్ ఇండస్-2 ఉన్నాయి. యూనివర్సిటీ విద్యార్థులు యూజీసీ-డీఏఈ కన్సార్షియం ద్వారా ప్రపోజల్ పెట్టుకోవచ్చు. వచ్చే నెల ప్రెజెంటేషన్‌కు అవి అందవు కాబట్టి ఇప్పటికి ఆ మాట భవిష్యత్ పని అన్న స్లైడ్‌లో రాసేయండి. దగ్గర్లో అడగాలంటే, ఉస్మానియా ఫిజిక్స్ విభాగంలో ఫెర్రైట్ల మీద దశాబ్దాలుగా పని జరిగింది. అక్కడి పాత థీసిస్‌లు లైబ్రరీలో కూర్చుని తిరగేయండి. వాళ్ల తూకం పేజీలు చూస్తే చాలు.

ఈ వారం చేయగలిగింది రెండు పనులు. నికెల్ ఫెర్రైట్ పొడిని 42 నుంచి 45 డిగ్రీల మధ్య, మళ్లీ 29 నుంచి 37 డిగ్రీల మధ్య, కోణంలో ఒక్కో స్టెప్‌కి పది సెకన్ల చొప్పున నిదానంగా స్కాన్ చేయించండి. కొంత పొడిని 900 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు కాల్చి మళ్లీ వీఎస్‌ఎం తీయండి. వచ్చాక ఇక్కడే పెట్టండి. మొత్తం ప్యాటర్న్ బొమ్మ వద్దు, 43 డిగ్రీల దగ్గర జూమ్ చేసింది, 220, 400 పీకుల ఎత్తులు అంకెల్లో కావాలి.